గడప కట్టెతో చేసిన పడవ

ఎల్లారెడ్డిలో ఈ సంగతి ఎవరిని అడిగినా ఒకే తీరుగా చెప్తారు. ఆడబిడ్డ కామారెడ్డి నుంచి దిగిందట. వదిన పుట్టింటికి పోయిన రోజు చూసుకుని, ఆమె తండ్రి గడప కోసం ఇచ్చిన టేకు కట్టెను అన్న చేత సన్నటి పట్టీలుగా కోయించిందట. దాంతో పడవ చేయించుకుని నీళ్ల మీద షికారు చేసిందట. వదిన తిరిగొచ్చి చూసి, ఒక్క మాట కూడా అనలేక, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందట. చెప్పడం అయ్యాక ఎవరో ఒకరు నాలుక చప్పరించి, "ఆడిబిడ్డంటే గట్లనే ఉంటది మరి" అని ముగిస్తారు.

ఆ ఆడబిడ్డను నేనే. నేను కామారెడ్డి నుంచి రావడం నిజం, కట్టె కోయడం నిజం, అది పడవ కావడం నిజం. మిగిలింది అబద్ధం. వదిన ఆ రోజు పుట్టింటికి పోలేదు, మా ఎదురుగానే కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. కట్టె నేను అడగలేదు, అన్న అడగలేదు. ఆమె ఇచ్చింది. ఇస్తుంటే వద్దని కొట్లాడింది నేను. ఇక ఏడుపు సంగతి. మా వదిన కొంగు నోట్లో కుక్కుకునే రకం కాదు. ఏడుపొస్తే వెనక దొడ్లోకి పోయి బర్రెను నాలుగు తిట్టి, మొహం కడుక్కుని వస్తుంది.

ఈ మాట చాలామందికి చెప్పి చూశాను. నేను గట్టిగా చెప్పినకొద్దీ వాళ్ల అనుమానం గట్టిపడుతుంది. నా గొంతు అట్లాంటిది. అందుకే రాస్తున్నాను, కాగితం మీద గొంతు వినపడదు కదా.

నాకు కామారెడ్డిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం ఉంది. డిగ్రీలో లెక్కలు చదివి జాకెట్లు కుడుతున్నావేమిటని అడిగేవాళ్లకు, లెక్కలు రాకుండా ఒక జాకెట్ కుట్టి చూపించమని చెప్తుంటాను. మా అన్న వడ్రంగి. గల్ఫ్‌లో ఏండ్ల కొద్దీ పని చేసి, మోకాళ్లు అరిగాక ఎల్లారెడ్డికి తిరిగొచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆయన భార్యే ఈ వదిన. ఆమె పుట్టిల్లు బీర్కూర్ దగ్గర. అక్కడ పొలం గట్టు మీద వాళ్ల బాపు టేకు చెట్లు పెంచాడు. బిడ్డ ఇల్లు కట్టుకునే నాటికి దర్వాజ కావాలని, బాగా చేవ తేరిన చెట్టు ఒకటి చూసి కొట్టించాడు. రెండు నిలువు కట్టెలు, పై కట్టె, కింద గడప, నాలుగూ కోయించి ట్రాక్టర్ మీద ఎల్లారెడ్డికి పంపాడు. ఇంటికి పునాది పడకముందే ఆయన పోయాడు.

ఇల్లు లేచింది. దర్వాజ నిలబెట్టే ముందు వాస్తు చూసే ఆయన వచ్చి, సింహద్వారం కొలత పెంచాలన్నాడు. పెంచిన కొలతకు వదిన బాపు ఇచ్చిన కట్టె జానెడు తక్కువ పడింది. నేను ఆ వాస్తు ఆయనతో గంటసేపు వాదించాను. ఆయన కాఫీ తాగి, నా వైపు చూడకుండా అన్నకే చెప్పి వెళ్లిపోయాడు. అన్న కామారెడ్డి నుంచి కొత్త దర్వాజ తెచ్చాడు. పాత కట్టెలు నాలుగూ మెట్ల కిందికి చేరాయి.

దర్వాజ నిలబెట్టిన రోజు అందరితో పాటు వదిన కూడా కొత్త గడపకు పసుపు రాసింది. రాసి, అదే గిన్నె పట్టుకుని మెట్ల కిందికి వంగి పోయి, అక్కడ పడి ఉన్న గడప కట్టెకు నూనె పట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పండక్కీ అంతే. ఇంట్లో రెండు గడపలు. ఒకటి దాటుకుని తిరగడానికి, ఇంకొకటి ఊరికే ఉండటానికి. మా అన్న చెప్పులు వెతుక్కుంటూ మెట్ల కిందికి పోయినా, ఆ కట్టెను కాలితో తగలకుండా చుట్టు తిరిగి వచ్చేవాడు.

ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ అన్న గల్ఫ్ ముచ్చట తీశాడు. అక్కడ కొన్నాళ్లు పడవలు బాగు చేసే చోట పని చేశాడట. ఒక షేకు పడవ వచ్చిందట. పెన్సిల్ అంత మందం కూడా లేని కట్టె పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి అతికించి, లోపలా బయటా గాజు పోగులతో నేసిన బట్ట అంటించి చేసిన పడవ. ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని నడిచేంత తేలికట.

"ఏందన్నా, నా చెవుల పువ్వు పెడుతున్నవా? గంత సన్నపు కట్టె నీళ్లల్ల ఆగుతదా?" అన్నాను.

"ఆగుడు గాదు, నిన్ను నన్ను మోస్తది" అన్నాడు.

పుట్టీలు చూశాను, తెప్పలు చూశాను, నిజాంసాగర్‌లో చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ బల్లలు చూశాను. వాటిలో దేనికీ ఆ నాజూకు లేదు. నేను నమ్మలేదు. చాయ్ దగ్గర మొదలైన వాదన అన్నం దగ్గరికి వచ్చింది. చివరికి అన్న విసుగెత్తి, కట్టె ఉంటే చేసి చూపెడుతును, ముడులు లేని టేకు కావాలి, పోగు తిన్నగా పారాలి, అట్లాంటిది ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందని అన్నాడు. మెట్ల కిందికి చూపు పోకుండా ఉండటానికి మేమిద్దరం అప్పుడు పడిన కష్టం చూడాల్సిందే.

వదిన కందికాయల మీది నుంచి తల ఎత్తలేదు.

"గా కట్టె ఏం పాపం జేసింది?" అంది.

అన్న గిన్నెలో చెయ్యి కడుక్కోవడం మొదలుపెట్టాడు, ఇంకా తినడం అయిపోలేదు కూడా. నేనే అందుకున్నాను. అది మీ బాపు ఇచ్చింది వదినా అన్నాను. ఒకసారి పట్టీలుగా కోశాక మళ్లీ అది దుంగ కాదు, అన్న చేసేది నిలిచిందా సరే, నిలవకపోతే మీ బాపు కట్టె పొయ్యిలోకి పోతుంది, అన్న గొప్పలు చెప్పుకోవడానికి నువ్వు పుట్టింటి కట్టె పెట్టాలా అని కూడా అన్నాను.

"మా బాపు నాకిచ్చిండు. నీకిచ్చిండా? నీకెందుకు నొప్పి?" అంది. తర్వాత అన్న వైపు తిరిగి, "జేస్తే పూర్తిగ జెయ్యి. సగం జేసి ఇడిస్తే మాత్రం నేనూకోను" అంది. అంతే. మళ్లీ కందికాయల్లో పడింది.

కొట్లాటలో ఓడిపోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు ఓడిపోయానో గెలిచానో కూడా తెలియలేదు.

నాలుగు కట్టెలూ కోయించడానికి కామారెడ్డి కోత మిషన్‌కు తెచ్చారు. వదిన కూడా ట్రాలీ ఆటోలో డ్రైవర్ పక్కన కూర్చుని వచ్చింది. మిషన్ ఆయన కట్టె మీది పసుపు, బొట్లు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గడప కట్టెను ఇట్లా చీల్చడం మంచిది కాదు, పంచాంగం చూసే అయ్యగారిని అడిగారా అన్నాడు. అడగలేదు, నువ్వు కొయ్యి అంది వదిన. ఆయన నా వైపు చూశాడు, చదువుకున్నదాన్ని కదా, ఆపుతాననుకున్నాడేమో. నేను మిషన్ పళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

రంపం లోపలికి దిగినప్పుడు వచ్చిన వాసన నేను మర్చిపోలేను. బయట నల్లబడి, పసుపు పట్టి, నూనె తాగి, ముసలిదై ఉన్న ఆ దుంగ లోపల తేనెరంగులో తళతళలాడింది. ఆ చెట్టు వానలు చూసిన ఏండ్లూ, ఎండలు చూసిన ఏండ్లూ గీతలు గీతలుగా ఆ చివర నుంచి ఈ చివరకు పారుతున్నాయి. పట్టీలు ఒక్కొక్కటిగా వచ్చి పడుతున్నాయి. అన్న ఒక పట్టీని తీసి చివర పట్టుకుని ఊపాడు. ఇద్దరు మోస్తే గాని కదలని దుంగలోది, నా మెడలో వేసుకునే కొలత టేపు లాగా ఊగింది. కట్టె అంటే బిర్రుగా ఉండేది, విరిగేది, మంట పెడితే కాలేది అని తెలుసు నాకు. దాని లోపల ఇంత ఒదిగే గుణం ఉందని ఎవరూ చెప్పలేదు.

వదిన ఒక పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంక పచ్చి వాసననే ఉన్నది" అంది. ఎవరితో అన్నదో తెలియదు.

ఇంటి వెనక రేకుల షెడ్డు కింద పని మొదలైంది. ముందు అచ్చులు కావాలి. పడవను అడ్డంగా కోస్తే ఎక్కడెక్కడ ఎంత వెడల్పు, ఎంత లోతు ఉంటుందో ఆ ఆకారాలను ప్లైవుడ్‌లో కోసి, ఒక పొడుగు దూలానికి వరసగా నిలబెట్టాలి. వాటి మీద పట్టీలు పరుచుకుంటూ పోవాలి. ఫోన్‌లో దొరికిన అరచేతంత బొమ్మను నిలువెత్తు చేసే పని నాకు పడింది. జాకెట్ కటింగ్ కాగితాల మీద గీసుకుంటూ పోయాను. చంక దగ్గర వంపు తీసినట్టు, నడుము దగ్గర లోపలికి తీసినట్టు. అన్నకు ఇది నచ్చలేదు. గల్ఫ్‌లో కంటితోనే చూసి కోసేవాళ్లమన్నాడు. ఇది గల్ఫ్ కాదు, ఎల్లారెడ్డి అన్నాను. రెండు అచ్చుల దగ్గర మా మాట కుదరలేదు, తప్పు నీదంటే నీదని ఆదివారమంతా అరుచుకున్నాం.

అప్పుడు అన్న ఒక పట్టీని తీసి అచ్చుల మీదుగా వాల్చాడు. రెండు చివరలా మేమిద్దరం పట్టుకున్నాం. అది తనంత తానుగా వంగి, అన్ని అచ్చులనూ తాకి, ఒక్క చోట పైకి లేచింది, ఇంకో చోట నొక్కుకుపోయింది. లేచిన చోట నా గీత తప్పు. నొక్కుకుపోయిన చోట అన్న కోత తప్పు. ఎవరూ ఏమీ అనకుండానే తేలిపోయింది. కాలేజీలో వంకర గీతల మీద పరీక్ష రాసి పాసైనదాన్ని నేను. ఆ పట్టీ ఏ పరీక్షా రాయలేదు. దానికి ఏ వంపు అందంగా ఉంటుందో, ఏ వంపు ఉండదో దాని పోగులోనే ఉంది. అచ్చులు సరిచేసి మళ్లీ వాల్చాం. ఈసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా పైట జారినట్టు పడింది. ఇద్దరం చేతులు తీసేశాం. గొడవ ఏమైందో గుర్తే లేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం లింగంపేట మీదుగా బస్సులో వస్తూ, ఈ వారం ఎంత పెరిగిందో అనుకునేదాన్ని. నిజంగా పెరుగుతున్నట్టే ఉండేది. కట్టె పొడవు చాలదు కాబట్టి పట్టీల చివర్లు వాలుగా కోసి, ఒకదానికొకటి అతికించి పొడవు చేశాడు అన్న. రంద పట్టి అంచులు చెక్కాడు. పట్టీకి పట్టీ గోందు పెట్టి, సన్న మేకులతో అచ్చులకు నిలిపి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టాం. బోర్లా పడుకున్న పెద్ద చేప ఒకటి మా షెడ్డులోకి వచ్చి రోజూ కొంచెం కొంచెం ఒళ్లు నింపుకుంటున్నట్టు ఉండేది. వదిన రంద పొట్టు ఎత్తుకుపోయి పొయ్యిలో వేసుకునేది. నేను కొలత టేపు పెట్టి చూసినప్పుడల్లా, "పడవకు చేతులు కుడుతున్నవా, చేతుల్లేనిదా?" అని అడిగేది. చుట్టుపక్కల వాళ్లు ఏదో పని పెట్టుకుని వచ్చి చూసిపోయేవాళ్లు. నేను పైన చెప్పిన కథకు విత్తనం అప్పుడే పడింది.

పట్టీలు మూసుకున్నాయి. మేకులు తీయడం మొదలుపెట్టాం. మొదటి పక్క అంతా బాగానే వచ్చింది. రెండో పక్క మధ్యలో ఒక మేకు తీయగానే టప్పున చప్పుడైంది. రెండు పట్టీల మధ్య సందు విచ్చుకుంది. ఇంకో మేకు తీస్తే ఇంకో టప్పు. కాసేపట్లో ఆ పక్క నుంచి వెలుతురు కనబడటం మొదలైంది. అన్న గోరుతో గీకితే గోందు పాల మీగడ లాగా ఊడి వచ్చింది.

నువ్వు కామారెడ్డి నుంచి తెచ్చిన గోందు కల్తీది అన్నాడు అన్న. ఆ పక్క కూడా అదే గోందు కదా, నీ చెయ్యే కల్తీ అన్నాను. రంద నేల మీద పెట్టి ఆయన పీట మీద కూలబడ్డాడు. ఆ మొహం చూసి నాకు భయమేసింది. ఆ ముక్కలు మళ్లీ దుంగ కావు. పడవా కాకపోతే, వదిన తండ్రి బిడ్డకని ఇచ్చింది ఏదీ కాకుండా పోతుంది. నేను ఆ రోజు అన్నం దగ్గర చెప్పిందే జరిగింది. నా మాట నిజమైనందుకు నా జీవితంలో మొదటిసారి సంతోషం కలగలేదు.

వదిన చాయ్ తెచ్చింది. గ్లాసులు కింద పెట్టి, ఊడిన పట్టీని వేలితో రుద్ది, వేలు వాసన చూసింది.

"ఇది నూనె" అంది. ఇంకో పట్టీ రుద్దింది. "నేను రాసిన నూనె."

అప్పుడు తెలిసింది. ఊడినవన్నీ గడప దుంగ పై ముఖం నుంచి వచ్చిన పట్టీలు. పండగ పండక్కీ నూనె, పసుపు తాగి తాగి ఉన్నాయవి. టేకుకు అసలే ఒంట్లో జిడ్డు. ఆపైన ఇంత భక్తి తాగితే గోందు ఎక్కడ పడుతుంది? షేకుల పడవలకు ఈ రోగం రాదు. ఆ కట్టెకు అక్కడ ఎవరూ పూజ చేసి ఉండరు.

మందు ఉంది. థిన్నర్‌తో గుడ్డ తడిపి, గుడ్డకు పసుపు అంటనంత వరకు తుడవాలి. తుడిచి మళ్లీ అతికించాలి. అన్న డబ్బా తెచ్చి మూత తీశాడు, గుడ్డ తీసుకున్నాడు, ఆగిపోయాడు. రంపం కింద పెట్టినప్పుడు తడబడని మనిషి. "పసుపు నేను తుడువ" అన్నాడు. గుడ్డ నా చేతిలో పెట్టాడు. నేను నమ్మకాల మీద ఎంత మందితో వాదించానో ఈ రెండూళ్లకూ తెలుసు. ఆ గుడ్డ పట్టుకుని నేనూ అట్లాగే నిలబడ్డాను.

వదిన నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"నేను వెట్టింది నేనే తీస్త. మీరు అవతలికి జరుగుండ్రి."

థిన్నర్ ఘాటుకు తట్టుకోలేక ముక్కూ నోరూ కొంగుతో కప్పి, కొస పళ్ల మధ్య కరిచి పట్టుకుంది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుస్తూనే ఉంది. గోడ మీది నుంచి పక్కింటి ఆమె తొంగిచూసి వెళ్లింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిందన్న మాట అక్కడ పుట్టింది. చూసింది నిజమే. చూసినది ఏమిటో ఆమెకు తెలియదు, అడగనూ లేదు.

గుడ్డ పసుపు రంగుకు తిరిగింది. ఇంకో గుడ్డ. అదీ పసుపే. పాత లంగాలు, నా దుకాణం పేలికలు, అన్న లుంగీ ముక్కలు, అన్నీ పచ్చబడ్డాయి. ఎన్ని పండగలో అన్ని గుడ్డలు అనిపించింది నాకు. చివరికి ఒక గుడ్డ తెల్లగా వచ్చింది. దాన్ని మా ఇద్దరికీ చూపించి, డబ్బాకు మూత పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయింది. బర్రెను తిట్టిన చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినపడలేదు.

మళ్లీ అతికించాం. ఈసారి నిలిచింది.

ఇక గాజు బట్ట. హైదరాబాద్ నుంచి తెప్పించాం. నేను ముట్టని బట్ట లేదు, కానీ ఇట్లాంటిది ముట్టలేదు. తెల్లగా, మెరుస్తూ, చేతిలోంచి జారిపోతుంది. కత్తెర పెడితే అంచు పీచు పీచు అవుతుంది. బోర్లా ఉన్న పడవ మీద పరిచాం. కట్టె అంతా కనపడకుండా పోయింది. మంచాన పడ్డవాళ్ల మీద దుప్పటి కప్పినట్టు అనిపించి నాకు నచ్చలేదు. వదిన కూడా పెదవి విరిచింది.

అన్న రెసిన్ జిగురు కలిపి మధ్యలో పోసి, రబ్బరు ముక్కతో మెల్లగా లాగాడు. లాగిన చోటల్లా బట్ట మాయమైంది. తడిసిందని కాదు, అంటుకుందని కాదు, లేకుండా పోయింది. కింది నుంచి కట్టె పైకి తేలి వచ్చింది, కొత్త బెల్లం రంగులో, ప్రతి గీత విడివిడిగా. తుడిచినా పోని లేత పసుపు చాయ ఒకటి రెండు పట్టీల్లో మాత్రం లోలోపల వెలిగింది. అన్న లాగుతున్నాడు, తెలుపు వెనక్కి జరుగుతోంది, చెట్టు ముందుకు వస్తోంది.

"బట్ట యాడికి పాయె?" అంది వదిన.

బట్టల గురించి ఏది అడిగినా నా దగ్గర జవాబు ఉంటుంది. దీనికి లేదు. పుస్తకంలో ఏదో ఉంటుంది, కాంతి గురించి, గాజు గురించి. నేను చదివే ఉంటాను. కళ్ల ముందు జరుగుతుంటే ఆ చదువు గుర్తుకు రాలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. నన్ను నోరు తెరిచి, మాట్లాడకుండా చూసిన రోజు అదొక్కటేనని అన్న ఇప్పటికీ అంటాడు.

లోపలి వైపూ అట్లాగే చేసి, వేపకర్రతో తెడ్లు చెక్కి, ఒక పొద్దున ట్రాక్టర్ ట్రాలీలో వరిగడ్డి పరిచి పడవను నీళ్ల దగ్గరికి తీసుకుపోయాం. నిజాంసాగర్ వెనక నీళ్లు ఎల్లారెడ్డి పక్కకు వచ్చే చోట, చేపలు పట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురు వలలు సర్దుకుంటున్నారు. నాకు ఈత రాదు, వదినకూ రాదు. గాలి కొట్టిన ట్యూబులు తెచ్చుకున్నాం. పడవను దింపడానికి అన్నా నేనూ చాలు. ఆ నాలుగు దుంగలను దింపడానికి ఒకప్పుడు ఎంతమంది పట్టారో వదిన చెప్పింది.

నీళ్లలో పెట్టాం. అది నీళ్లను నొక్కలేదు, కోయలేదు, ఊరికే వాటి మీద ఉంది. గాలి తగిలితే చెవి కదిలించినట్టు కదిలింది. అన్న మోకాళ్ల లోతులో నిలబడి పట్టుకుని, ఎక్కండి అన్నాడు.

ఎవరూ ఎక్కలేదు.

వదిన నన్ను చూసింది, నేను వదినను చూశాను. వల బాగుచేస్తున్న ఆమె ఒకతె తల ఎత్తి, "గడప కట్టెదట గదా అక్కా. కాలెట్ల వెడ్తరు?" అని అడిగింది. కథ మాకంటే ముందే అక్కడికి చేరింది. అన్న మొహం మారింది. ఆయనకు అప్పటిదాకా తట్టలేదు. అచ్చులు, గోందు, రెసిన్ అన్నీ ఆలోచించాం. పడవ అంటే అందులో కాలు పెట్టాలని మాత్రం ఆలోచించలేదు. చిన్నప్పుడు గడప మీద నిలబడ్డందుకు మా అవ్వ కొట్టిన దెబ్బ నా వీపు మీద చురుక్కుమంది. కాలు లేవలేదు. నాది. ఈ నోరు ఉన్నదాన్ని.

ట్రాలీలో గోనె సంచి ఉంది, అది పరిస్తే కాలు కట్టెకు తగలదు, దోషం లేదు అని నేనే ఉపాయం చెప్పాను. చెప్తుంటేనే సిగ్గేసింది, అయినా చెప్పాను. అన్న గబగబా తెచ్చి పరిచాడు.

వదిన వంగి ఆ సంచిని తీసి ఒడ్డు మీదికి విసిరింది.

"తడిస్తే బరువైతది" అంది.

చెప్పులు విడిచింది. మొక్కలేదు, ముట్టి కళ్లకు అద్దుకోలేదు. కుడికాలు తీసి, పడవ నడిమిట్ల, అరికాలు మొత్తం ఆనేట్టు పెట్టింది. పడవ ఒకసారి కిందికి దిగి, అటూ ఇటూ ఊగి, నిలదొక్కుకుంది. రెండో కాలు కూడా పెట్టి మెల్లగా కూర్చుంది. అరచేత్తో పక్కన ఒకసారి తట్టింది.

"మోస్తున్నది" అంది.

అంత చిన్న మాటకు మా అన్న అటు తిరిగి నీళ్లతో మొహం కడుక్కున్నాడు.

నా వంతు వచ్చింది. నేను ఎక్కేముందు నా చెయ్యి నాకు తెలియకుండానే పడవను తాకి కళ్లకు పోయింది. వదిన చూసి నవ్వింది. "ఇంకా దేనికి మొక్కుతున్నవ్?" అని అడిగింది.

చివరికి అన్న కూడా ఎక్కాడు, నీళ్ల లోపలికి పోయాం. ఒడ్డు మీది మాటలు తగ్గిపోయాయి. నాకూ అంత లోతుకూ మధ్య పెన్సిల్ మందం కట్టె. అరికాళ్ల కింద నీళ్లు కదలడం తెలుస్తోంది, పడుకున్న జంతువు కడుపు మీద చెయ్యి వేసినట్టు. తెడ్డు తీస్తే కారే చుక్కల చప్పుడు కూడా కట్టెలోంచి ఒంట్లోకి వస్తోంది. భయం వేయాలి. వేయలేదు. గట్టు మీద నిలబడి వానలన్నీ తాగిన చెట్టు ఇప్పుడు ఆ నీళ్ల మీదే మమ్మల్ని ముగ్గురినీ పట్టుకుని పోతోంది. నేను దేవుడి గురించి పెద్దగా మాట్లాడను. ఆ పొద్దున మాత్రం మాట్లాడటానికి ఎవరైనా ఉంటే బాగుండుననిపించింది.

అన్న తెడ్డు ఆపి, పడవను దానంతటదే పోనిచ్చాడు. అప్పుడు అడిగాను వదినను, నీకు కాలెట్ల లేచిందని. "నీ తెడ్డు సక్కగ వట్టుకో" అంది.

మళ్లీ ఇంట్లో అడిగాను. "నీకన్నీ లెక్కలే" అంది. మొన్న పండక్కి నేనే పసుపు గిన్నె పట్టుకుని షెడ్డులోకి పోతే, చెయ్యి పట్టుకుని ఆపి, పడవకు ఎవరన్నా పసుపు రాస్తారా అని నన్నే ఎగతాళి చేసింది. మెట్ల కింద ఇప్పుడు ఎరువు బస్తాలు ఉన్నాయి. ఆమె వాటి మీద చీపురు పెడుతుంది.

అంటే ఆమెకు అది గడప కాదు. నాకు ఇప్పటికీ ఎక్కేముందు చెయ్యి కళ్లకు పోతుంది, అన్నకూ పోతుంది, నేను చూడనట్టు ఉంటాను. ఆమెకు మాత్రం అది గడపగా ఉండటం ఎప్పుడో అయిపోయింది. కందికాయలు ఒలుస్తూ ఆ మాట అన్నప్పుడే అయిపోయిందా? రంపం దిగి ఆ పచ్చి వాసన వచ్చినప్పుడా? గుడ్డ తెల్లగా వచ్చినప్పుడా? లేకపోతే వాళ్ల బాపు పోయాక వచ్చిన అన్ని పండగలకూ ఆ నూనె, ఆ పసుపు ఆమె రాసింది అసలు గడపకు కానే కాదా? చెప్పు వదినా, ఎవరికి రాశావు?